కేస్ షీటులో రాయని ఉద్యోగం

సంపాదకుల వారికి నమస్కారాలు.

మా నాన్నగారు ఇటీవల కాలం చేశారు. అగ్నిమాపక శాఖలో ఫైర్‌మన్‌గా చేరి, ముప్పై ఏళ్లకు పైబడి పనిచేసి, లీడింగ్ ఫైర్‌మన్‌గా పదవీ విరమణ పొందిన మనిషి ఆయన. ఏ పతకమూ అందుకోలేదు, ఏ వేదికా ఎక్కలేదు. ఆయన పేరు ఏనాడూ పత్రికలో రాలేదు, ఇప్పుడు నేనూ రాయడం లేదు. ఆయన ఎలా బతికారో నాలుగు మాటలు చెప్పి, ఆ బతుకు చివర మా కుటుంబానికి తెలిసివచ్చిన ఒక విషయాన్ని విశ్రాంత అగ్నిమాపక సిబ్బంది ఉన్న ప్రతి ఇంటికీ చేరవేయాలన్నదే ఈ లేఖ ఉద్దేశం. ఉద్యోగం ముగిసినంత మాత్రాన అన్నేళ్లు పీల్చిన పొగ ఒంటికి చేసే హాని ముగిసిపోదు. అయినా రిటైరైన ఫైర్‌మన్ ఆసుపత్రికి వెళితే, ఆయన ఏం పనిచేసేవారని అడిగేవారు దాదాపు ఉండరు.

డ్యూటీ దిగిన నాన్నగారు నేరుగా ఇంట్లో అడుగుపెట్టడం నేను చూడలేదు. పెరట్లోనే ఆగి, యూనిఫాం విప్పి బకెట్లో నానబెట్టి, ఒళ్లు రుద్దుకొని స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకున్నాకే గడప దాటేవారు. మేము పరుగెత్తుకెళ్లి కాళ్లకు చుట్టుకోబోతే "ఆగమ్మా, మసి" అంటూ రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగేవారు. తన బట్టలను మా బట్టలతో కలవనిచ్చేవారు కాదు, అమ్మ చేతికి కూడా ఇవ్వకుండా తనే ఉతుక్కునేవారు. ఎంత రుద్దుకున్నా చెవుల వెనకా మెడ మడతల్లోనూ కాలిన వైరు వాసన మర్నాటిదాకా ఉండిపోయేది. అదంతా ఆయన పట్టింపు అని మా చుట్టాలు అనుకునేవారు. ఈనాడు అనేక దేశాల్లో కొత్తగా చేరే ఫైర్‌మన్లకు నేర్పుతున్న మొదటి పాఠాల్లో ఇదొకటి: మంట దగ్గర వాడిన దుస్తులను ఇంటికి తీసుకెళ్లవద్దు, వీలైనంత త్వరగా మెడ, ముఖం, చేతులు కడుక్కొని స్నానం చేయండి, మసి అంటిన బట్టలను విడిగా ఉతకండి. ఎవరూ చెప్పకపోయినా, పిల్లలకు మసి అంటకూడదన్న ఒక్క ఆలోచనతో నాన్నగారు దాన్ని జీవితమంతా పాటించారు.

ఆయన ప్రేమ చూపే తీరే అంత. ముద్దు మాటలు తక్కువ, కనిపెట్టుకొని ఉండడం ఎక్కువ. రాత్రి అందరం పడుకున్నాక గ్యాస్ రెగ్యులేటర్ కట్టారో లేదో చూసి, వీధి తలుపు దగ్గర చెప్పులు గానీ సైకిలు గానీ అడ్డం ఉంటే పక్కకు జరిపి, తాళంచెవిని ఎప్పుడూ ఉండే మేకుకే తగిలించి అప్పుడు నడుం వాల్చేవారు. కరెంటు పోతే ఇంట్లో ఆయన నడిచే తీరు వేరుగా ఉండేది. అరచేయి ముందుకు చాచి తడుముకోవడం కాకుండా, చేతి వెనక వైపును ముందుపెట్టి మెల్లగా నడిచేవారు. ఎందుకలా అని అడిగితే చెప్పారు: చీకట్లో, పొగలో తెగిపడిన కరెంటు తీగ అరచేతికి తగిలితే కండరాలు బిగుసుకొని చేయి ఆ తీగనే పట్టేసుకుంటుందట, అదే చేతి వెనక వైపు తగిలితే బిగుసుకున్న చేయి తీగ నుంచి దూరంగా వెళుతుందట. మూసి ఉన్న తలుపు అవతల మంట ఉందేమో చూడాలన్నా చేతి వెనక వైపుతోనే తాకాలి, తలుపు వేడిగా ఉంటే తెరవకూడదు. ఈ మాటలు మాకు చందమామ కథల్లాగే చిన్నప్పుడే వచ్చేశాయి.

పొగ నిండిన గదిలో నిలబడవద్దని, వేడి పొగ పైకి చేరుతుంది కాబట్టి నేలకు దగ్గరగా పాకుతూ బయటపడాలని, బయటికి వచ్చేటప్పుడు వెనక తలుపు మూస్తే మంటా పొగా రెండూ నెమ్మదిస్తాయని, వచ్చాక ఏ వస్తువు కోసమూ మళ్లీ లోపలికి పోకూడదని ముందు మాకు, తర్వాత మనవలకు ఆడిస్తూ నేర్పారు. కళ్లకు గంతలు కట్టి మంచం దగ్గర నుంచి వీధి తలుపు దాకా పాకించేవారు. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకుండా స్టవ్ ఆపి పైన మూత పెట్టమని అమ్మకు ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కే లేదు. ఒకసారి నిజంగానే అంటుకున్నప్పుడు అమ్మ చెక్కుచెదరకుండా మూత పెట్టింది. ఆ సాయంత్రం ఆయన ముఖంలో కనబడిన గర్వం ఏ పతకానికీ తక్కువ కాదు.

ఆయన ఎడమ చెవి అంచున, మెడ మీదికి సాగిన ఒక మచ్చ ఉండేది. మంట అంటుకుందా అని అడిగితే కాదు, ఆవిరి అన్నారు. నీరు ఆవిరైతే దాదాపు 1700 రెట్లు చోటు కావాలి. మండుతున్న మూసిన గదిలోకి నీళ్లు కొట్టినప్పుడు ఆ ఆవిరి ఒక్కసారిగా వెనక్కి తన్నుకొస్తుంది, హెల్మెట్ కిందా కాలరు పైనా ఎక్కడ చర్మం కనిపిస్తే అక్కడ కాలుస్తుంది. ఈ సంగతి మాకు లెక్కల పాఠంలా వివరించారే గానీ, ఆ రోజు లోపల ఎవరున్నారో, బయటికి తెచ్చారో లేదో చెప్పలేదు. చెప్పని సంగతులు ఆయన దగ్గర చాలా ఉండేవి. పసిపిల్లల మరణాలు చూసి వచ్చిన రోజుల్ని మాత్రం మేము పసిగట్టేవాళ్లం. ఆ రాత్రులు ఆయన మా మంచాల దగ్గర నేల మీద చాప వేసుకొని పడుకునేవారు.

షిఫ్టుల ఉద్యోగం కాబట్టి పండగలకు ఇంట్లో ఉంటారన్న నమ్మకం లేదు. అయినా మా పరీక్షల రోజుల్లో తోటివారితో డ్యూటీలు మార్చుకొని, వాళ్ల పిల్లల పరీక్షలకు తాను వాళ్ల డ్యూటీలు చేసేవారు. అమ్మ పొద్దున్నే పనికి వెళ్లాల్సి రావడంతో నాకూ చెల్లికీ జడలు వేయడం ఆయనే నేర్చుకున్నారు. బండ పైపును ముడి పడకుండా చుట్టిన చేతులు కదా, ఆయన వేసిన జడ సాయంత్రం దాకా సడలేది కాదు. ఊరి చివర ఎక్కడో సైరన్ మోగితే అమ్మ చేతిలో పని ఆపి గడియారం చూసేది. ఆయన తిరిగొచ్చేదాకా అన్నం తినేది కాదు. ఫైర్‌మన్ ఇంట్లో భార్య చేసే ఆ కాపలా ఏ సర్వీసు రిజిస్టరులోనూ ఉండదు, కానీ ఉద్యోగంలో సగం అదేనని నాన్నగారే అనేవారు.

రిటైరయ్యాక ఆయన జీవితమంతా అమ్మ చుట్టూ తిరిగింది. పక్షవాతంతో అమ్మ కుడివైపు చచ్చుబడినప్పుడు మనిషిని పెట్టుకుందామని మేమంటే ఒప్పుకోలేదు. గాయపడినవారిని మోసే పద్ధతి ఆయనకు బాగా తెలుసు. నడుం వంచకుండా మోకాళ్లు వంచి కూర్చొని, అమ్మ బరువును తన ఒంటికి దగ్గరగా తీసుకొని, "ఇప్పుడు లేపుతున్నా, భయపడకు, ఒకటి, రెండు, మూడు" అని ప్రతిసారీ చెప్పి మరీ లేపేవారు. రోజూ చేసే పనే కదా, ప్రతిసారీ చెప్పడమెందుకు అని నేనొకసారి అడిగాను. "లేపేవాడికి తెలుసమ్మా, లేచేవాళ్లకు తెలియదు కదా" అన్నారు. పొగలో స్పృహ తప్పినవారితో కూడా మాట్లాడుతూనే మోసేవాళ్లమని, వినబడినా వినబడకపోయినా మనిషి గొంతు దగ్గరలో ఉండాలని చెప్పారు. అమ్మ పోయేదాకా ఆమెను ఒక్కసారీ చెప్పకుండా కదిలించలేదు. ఆయన గురించి ఒక్క సంగతే గుర్తుంచుకోమంటే నేను దీన్నే గుర్తుంచుకుంటాను.

ఏటా ఏప్రిల్ 14న నాన్నగారు ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కొని, పాత స్టేషనుకు వెళ్లి మౌనం పాటించి వచ్చేవారు. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే సరుకు నౌకలో మంట లేచింది. పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ ఒకే నౌకలో ఉన్నాయి. ఆర్పుతుండగానే నౌక పేలిపోయి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. దేశమంతటా ఆ రోజును అగ్నిమాపక దినంగా పాటిస్తున్నది వారి జ్ఞాపకార్థమే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1998 డిసెంబరులో, గాలి దిశ మారడంతో లింటన్ దగ్గర కార్చిచ్చులో చిక్కుకొని ఐదుగురు స్వచ్ఛంద అగ్నిమాపక సిబ్బంది మరణించాక, మే 4ను అంతర్జాతీయ అగ్నిమాపక సిబ్బంది దినంగా పాటించడం మొదలైంది. మంటల్లో పోయినవారికి ఇలా తలవంచడం న్యాయమే. మంటలు ఆర్పి ఇంటికి చేరి, పదేళ్లకో ఇరవై ఏళ్లకో ఆసుపత్రి మంచం మీద పోయేవారి సంగతి మాత్రం ఎవరూ తలవరు. నా బాధంతా అక్కడే ఉంది.

నాన్నగారికి మూత్రంలో రక్తం కనబడింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒకసారి కనబడి తగ్గిపోయింది, మళ్లీ కొన్నాళ్లకు వచ్చింది. నొప్పి లేదు కదా, వేడి చేసి ఉంటుందిలే అని చుట్టుపక్కలవారు అన్నారు. మూత్రాశయ క్యాన్సర్ తొలి గుర్తు చాలామందిలో సరిగ్గా ఇలాగే, నొప్పి లేని రక్తంగానే కనబడుతుందని మాకు తర్వాత తెలిసింది. పరీక్షలు చేసి అదేనని తేల్చారు. సిగరెట్ తాగుతారా అని అడిగారు. ఆ జబ్బుకు పొగాకే ప్రధాన కారణం కాబట్టి అడగవలసిన ప్రశ్నే. నాన్నగారు జన్మలో సిగరెట్ ముట్టలేదు. లేదనగానే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోయింది. కేస్ షీటులో వృత్తి అని ఉన్నచోట "రిటైర్డ్" అన్న ఒక్క మాట రాశారు. సిగరెట్ పొగ గురించి అడిగినవారు, మూడు దశాబ్దాలు ఆయన పీల్చిన ఆ మిగతా పొగ గురించి అడగలేదు. వైద్యులు చూపిన శ్రద్ధకు నేను వంక పెట్టడం లేదు, వారు ఆయన్ని బాగా చూసుకున్నారు. అడిగే అలవాటు లేకపోవడమే లోపం.

ప్రపంచ ఆరోగ్య సంస్థలో భాగమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో, అగ్నిమాపక వృత్తి వల్ల ఒంటికి సోకే పదార్థాలను మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవిగా నిర్ధారించి మొదటి గ్రూపులో చేర్చింది. 2007లో ఇదే వృత్తిని పరిశీలించినప్పుడు "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది" అన్నంతవరకే చెప్పిన సంస్థ, ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ చూసి మాట మార్చుకుంది. ఆస్బెస్టాస్ వల్ల ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథీలియోమా, మూత్రాశయ క్యాన్సర్ అనే రెండింటికి తగినంత ఆధారం ఉందని, పెద్దపేగు, ప్రొస్టేట్, వృషణాల క్యాన్సర్లకు, మెలనోమా అనే చర్మ క్యాన్సరుకు, లింఫోమాలు అనే లింఫు గ్రంథుల క్యాన్సర్లలో ఒక రకానికి పరిమితమైన ఆధారం ఉందని పేర్కొంది. మొదటి గ్రూపు అంటే ఫైర్‌మన్లందరికీ క్యాన్సర్ వస్తుందని అర్థం కాదు. సంబంధం ఉందనడానికి రుజువు గట్టిగా ఉందని మాత్రమే ఆ వర్గీకరణ చెబుతుంది. నాన్నగారి జబ్బుకు ఆ పొగే కారణమని నేను అనను, ఒక మనిషి విషయంలో అలా తేల్చడం వైద్యులకే సాధ్యం కాదు. కానీ ఆ ప్రశ్న అడిగే హక్కు ఆయనకు ఉంది.

ఆ హాని ఎలా జరుగుతుందో తెలిస్తే నాన్నగారి తరం ఏ రక్షణా లేకుండా ఎలా పనిచేసిందో అర్థమవుతుంది. నేటి మంటల్లో కర్ర, గడ్డి, గుడ్డ మాత్రమే కాలవు. పరుపుల్లో, సోఫాల్లో ఉండే ఫోమ్, ప్లాస్టిక్ సామాన్లు, వైర్లు, రంగులు, పాత కట్టడాల ఆస్బెస్టాస్ రేకులు అన్నీ కలిసి కాలుతాయి. బెంజీన్, ఫార్మాల్డిహైడ్, మసిలో ఉండే అనేక హైడ్రోకార్బన్లు ముక్కు గుండానే కాక చెమట పట్టిన చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. మెడ దగ్గర చర్మం పలచన కాబట్టి అక్కడ ఎక్కువగా ఇంకుతాయి. స్టేషన్ షెడ్డులో ఫైరింజన్ స్టార్ట్ చేసినప్పుడు వచ్చే డీజిల్ పొగ దీనికి అదనం. అన్నిటికన్నా మోసం చేసేది మంట ఆరిపోయాక చేసే కూలింగ్ పని. మంట కనబడదు, పొగ పలచబడుతుంది, ప్రమాదం దాటిందని ముఖానికి కట్టుకున్నది విప్పేస్తారు. శిథిలాలు కెలుకుతూ నిప్పు మిగిలిందేమో చూసే ఆ గంటల్లో కూడా విషవాయువులు వెలువడుతూనే ఉంటాయి. గాలి సిలిండరుతో ఉండే శ్వాస పరికరాన్ని ఆ పని ముగిసేదాకా తీయకూడదని ఇప్పుడు చెబుతున్నారు. నాన్నగారు చేరిన కొత్తలో ఆ పరికరాలు బండికి ఒకటో రెండో ఉండేవట. తడిపిన తువ్వాలు ముక్కుకు కట్టుకొని లోపలికి వెళ్లిన రోజుల గురించి ఆయనే చెప్పారు. తడిగుడ్డ మసిని కొంత ఆపగలదేమో గానీ కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువులను ఆపలేదు.

కొన్నిచోట్ల ప్రభుత్వాలు ఈ సంగతి గుర్తించాయి. కెనడాలోని మానిటోబా రాష్ట్రం 2002లోనే, నిర్ణీత కాలం పనిచేసిన అగ్నిమాపక సిబ్బందికి కొన్ని రకాల క్యాన్సర్లు వస్తే వాటిని వృత్తి వల్ల వచ్చినవిగానే ముందు భావించాలని చట్టం చేసింది. ఆస్ట్రేలియా 2011లో జాతీయ స్థాయిలో అలాంటి చట్టమే తెచ్చింది. ఈ చట్టాల మేలు ఎక్కడుందంటే, ఏ రోజు ఏ మంట దగ్గర ఏ విషం సోకిందో నిరూపించే భారాన్ని అవి జబ్బుపడిన మనిషి నెత్తిన పెట్టవు. ఇరవై ఏళ్ల కిందటి పొగకు సాక్ష్యం తెమ్మంటే ఏ ఫైర్‌మన్ తేగలడు? పరిహారం ఎంత ఇవ్వాలన్న చర్చ కన్నా, నిరూపణ భారం ఎవరిదన్న చర్చే ముందు జరగాలని నా నమ్మకం.

మా నాన్నగారు డబ్బు కోసం ఎవరినీ అడిగిన మనిషి కాదు, ఆయన పేరున నేనూ ఏమీ అడగను. కానీ ఆయనతో పనిచేసినవారు ఇంకా ఉన్నారు. ఆయన్ని సాగనంపడానికి వచ్చిన వృద్ధుల్లో చాలామంది దగ్గుతూనే ఉన్నారు. వారి కోసం అడుగుతున్నాను. అగ్నిమాపక సిబ్బందికి సర్వీసులో ఉండగా చేసే ఆరోగ్య పరీక్షలు పదవీ విరమణతో ఆగిపోకూడదు. ఈ రకం క్యాన్సర్లు బయటపడేది తరచుగా విరమణ తర్వాతే కాబట్టి, ఏడాదికోసారి మూత్ర పరీక్ష, ఊపిరితిత్తుల పరీక్ష, వైద్యుడు అవసరమన్న మరికొన్ని పరీక్షలు జీవితాంతం ఉచితంగా జరగాలి. ఏ మంటకు వెళ్లారు, అక్కడ ఏమేం కాలాయి, ఎంతసేపు ఉన్నారు అనే వివరాలు ప్రతి ఫైర్‌మన్ పేరున విడిగా నమోదై, రిటైరయ్యే రోజున ఆ నకలు అతని చేతికి రావాలి. స్టేషన్ రికార్డుల్లో మంట వివరాలు ఉంటాయి, నష్టం అంచనా ఉంటుంది, కానీ లోపలికి వెళ్లిన మనిషి ఒంటికి ఏం సోకిందన్న లెక్క మా నాన్నగారికి ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు సర్వీసులో ఉన్నవారికైనా రెండో జత రక్షణ దుస్తులు ఉండాలి. ఒక జత మసిపట్టి ఉతుకులో ఉన్నప్పుడు, మళ్లీ సైరన్ మోగితే అదే మసి బట్టలు తొడుక్కొని పరుగెత్తే పరిస్థితి రాకూడదు.

వైద్యులకు నా మనవి చిన్నదే. ఎదురుగా కూర్చున్న వృద్ధుడు రిటైర్డ్ అంటే, ఎందులోనుంచి రిటైరయ్యారని ఇంకొక్క ప్రశ్న అడగండి, జవాబును కేస్ షీటులో రాయండి. ఫైర్‌మన్లు తమంతట తాము చెప్పుకునేవారు కాదు. మా నాన్నగారే ఉదాహరణ. పక్కన కూర్చున్న నేను చెప్పబోతే "అదంతా ఇప్పుడెందుకమ్మా" అని చేయి నొక్కారు.

ఇక విశ్రాంత అగ్నిమాపక సిబ్బందికీ వారి పిల్లలకూ: మూత్రంలో ఒక్కసారి రక్తం కనబడినా, నొప్పి లేకపోయినా, తర్వాత దానంతటదే ఆగిపోయినా, వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. మూత్రాశయ క్యాన్సరును తొలిదశలో పట్టుకుంటే చికిత్సకు లొంగే అవకాశం ఎక్కువ. ఊపిరి అందకపోవడం, తగ్గని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం వయసు వల్లేనని సరిపెట్టుకోకండి. వైద్యుడు అడగకపోయినా, ఎన్నేళ్లు ఫైర్ సర్వీసులో పనిచేశారో, రసాయనాల గోదాముల్లో, ప్లాస్టిక్ మంటల్లో ఎంతగా పనిచేశారో మీరే చెప్పండి. తండ్రి చెప్పనిస్తే సరే, చెప్పనివ్వకపోతే మీరు కాగితం మీద రాసి ఇవ్వండి.

మీ పత్రికలో ఆరోగ్యం పేజీ వస్తుంది కాబట్టి, ఈ లక్షణాల గురించి, అగ్నిమాపక సిబ్బందికి ఉండే ముప్పు గురించి నిపుణులైన వైద్యుల చేత ఒక వ్యాసం రాయించి, వీలైతే ఏప్రిల్ 14కు ముందే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజున ప్రతి స్టేషనుకూ పాతవాళ్లు వస్తారు, అక్కడి బల్ల మీద మీ పత్రిక ఉంటుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత లీడింగ్ ఫైర్‌మన్ పెద్ద కుమార్తె